తెలుసు అనని అమ్మాయి

సోమవారం

ప్రియమైన వదినకు,

ఇది అమ్మకి చదివి వినిపించే ఉత్తరం కాదు. అమ్మ ఉత్తరం వేరే కవరులో ఇంటికి పంపాను. అందులో వాతావరణం బాగుంది, మనుషులు మంచివాళ్లు, దేవుడి పని చక్కగా సాగుతోంది. ఇందులో నిజాలున్నాయి కాబట్టి నీ కళ్లద్దాల దుకాణం చిరునామాకి పంపుతున్నాను. చదివి దాచెయ్.

మిషన్‌కి వచ్చి ఐదు నెలలైంది కదా, పోయిన వారం నన్ను ఈ కొత్త ఊరికి మార్చారు. ఇంటి నుంచి రెండు రోజుల రైలు. ఊరంతా మెట్లే. సైకిళ్లు బాగుచేసే దుకాణం పైన, మూడో అంతస్తులో మా గది. రెండు ఇనప మంచాలు, ఒక బల్ల, ఎదుటింటి మురుగు గొట్టాల్లోకి తెరుచుకునే కిటికీ. అదంతా భరించొచ్చు. భరించలేనిది నా జత.

మోర్మన్ మిషనరీలు ఎప్పుడూ ఇద్దరిద్దరుగా తిరుగుతారని నీకు తెలుసు. ఎంత ఇద్దరో నీకు తెలియదు. జత మనిషిని కనిపించనంత దూరం, వినిపించనంత దూరం వదలకూడదు. స్నానాలగది ఒక్కటే మినహాయింపు. నేనిప్పుడు ఎక్కువసేపు అక్కడే ఉంటున్నాను.

ఆమెకి గడియారం అని పేరు పెట్టాను. ఆరున్నరకి అలారం మోగుతుంది. అది మోగకముందే లేచి, దాని పక్కన నిలబడి, మోగగానే నొక్కేస్తుంది. ఉడికించిన గుడ్డుని నాలుగు ముక్కలు చేసి, ముక్కకి ఒకసారి ఉప్పు చల్లుతుంది. చేతిరుమాళ్లు ఇస్త్రీ చేస్తుంది. నడిచేటప్పుడు చర్చి పాటలు పాడుతుంది, శ్రుతికి ఒక మెట్టు కింద. నేను ఒక్క నిమిషం ఆగి దుకాణం అద్దంలో బొమ్మ చూస్తే, "సిస్టర్, మనం నాలుగు నిమిషాలు ఆలస్యం" అంటుంది. ఎవరి కోసం ఆలస్యం? ఈ ఊళ్లో మా కోసం ఎవరూ ఎదురుచూడటం లేదు! నిన్న ఒకాయన తలుపు వెనక నుంచి, "ఇంట్లో ఎవరూ లేరు" అని తనే చెప్పాడు. తలుపు తీసినవాళ్లు ముందు కాఫీ ఇస్తారు. మా చర్చిలో కాఫీ వద్దు కదా, మేం తాగం అంటే మొహం మాడ్చుకుంటారు. అక్కడితో దేవుడి సంగతి కూడా చల్లారిపోతుంది.

అసలు చిరాకు అది కాదులే. ఆదివారం చర్చిలో ఒక్కొక్కరూ లేచి సాక్ష్యం చెప్తారు కదా. అందరూ "ఇది నిజమని నాకు తెలుసు" అంటారు. నేను "నమ్ముతున్నాను" అంటాను. ఎవరూ పట్టించుకోరు. గడియారం పట్టించుకుంది. గదికి రాగానే, "సిస్టర్, మీరు 'తెలుసు' అని ఎందుకనరు?" అంది.

ఎందుకంటే నాకు తెలియదు వదినా. అడగమన్నట్టే అడిగాను. మోకాళ్ల మీద కూర్చుని, జవాబు కోసం ఎదురుచూశాను. మోకాళ్లు నొప్పెట్టాయి. మా పుస్తకం చదువుతుంటే ఒక్కోసారి మాత్రం పక్కన ఎవరో వచ్చి కూర్చున్నట్టుంటుంది. తలతిప్పి చూస్తే ఉండరు. దాన్ని 'తెలుసు' అనొచ్చా? అనలేను. అమ్మతో ఈ మాట అనకు, నన్ను పంపించానని ఊరంతా చెప్పుకుంది.

తలుపు కొడుతోంది. స్నానాలగదిలోనే కూర్చుని రాస్తున్నాను మరి.

నీ
పిచ్చుక

*

మంగళవారం, దుకాణం

ప్రియమైన ఆడపడుచు గారికి,

మీ గడియారం గురించి చదివి కౌంటరు దగ్గర పడీపడీ నవ్వాను. కళ్లపరీక్షకి వచ్చిన పెద్దాయన తనని చూసి నవ్వాననుకుని అలిగి వెళ్లిపోయాడు.

పిచ్చుకా, నీకు ఆరు వారాలకోసారి జతని మారుస్తారు. నన్ను ఎవరు మారుస్తారమ్మా? నాలుగేళ్లుగా మీ అన్నయ్య తడితువ్వాలు మంచం మీదే వేస్తున్నాడు. మొన్న మీ అమ్మ నా పక్కన కూర్చుని, "నువ్వు బాప్తిస్మం తీసుకుంటే మీ ఇద్దరి పెళ్లి ఈ లోకంతో ఆగదమ్మా, అనంతకాలం ఉంటుంది" అన్నారు. ఆశ పెడుతున్నారో, భయపెడుతున్నారో అర్థం కాలేదు. మెకానిక్ షెడ్డు నుంచి అప్పుడే వచ్చిన మీ అన్నయ్య ఆ మాట విని, బూట్లు కూడా విప్పకుండా మళ్లీ బయటికి పోయాడు.

మీ అమ్మ నీ ఉత్తరాలు ఏం చేస్తున్నారో చెప్పనా? ముప్పై ఏళ్లు బళ్లో పాఠం చెప్పిన అలవాటు ఊరికే పోతుందా? ఆదివారం చర్చికి పట్టుకెళ్లి, లేచి నిలబడి, స్పష్టంగా, కామా దగ్గర ఆగి చదువుతున్నారట. మీ అన్నయ్య మిషన్‌కి వెళ్లలేదు, నన్ను చేసుకుని చర్చికి వెళ్లడం కూడా మానేశాడు. ఇక మిగిలింది నువ్వే. ఆవిడ పరువంతా నీ వాతావరణం బాగుండటం మీద నిలబడి ఉంది. కాబట్టి అక్కడ వాన పడినా రాయకు.

ఇంట్లో కాఫీ వాసన పడదని నేను దుకాణంలో తాగుతాను. ఇప్పుడూ తాగుతున్నాను. నీ ఉత్తరం మీద ఒక చుక్క పడింది, క్షమించు.

ఇక నీ 'తెలుసు' సంగతి. నాకు మీ మతం తెలియదు, కళ్లు తెలుసు. అక్షరాల పలక చూపించి చదవమంటే కొందరు ముందు మనిషి చదివింది విని బట్టీపట్టి అప్పజెప్తారు. కళ్లు బాగా లేవంటే నామోషీ. అలాంటివాళ్లకి నేను అద్దాలు ఇవ్వలేను, ఇచ్చినా పనిచెయ్యవు. కనిపించట్లేదని ఒప్పుకున్నవాళ్లతోనే నాకు పని. మీ దేవుడి పద్ధతి ఏమిటో నాకు తెలియదు. కానీ ఆయనకి నాకంటే బుద్ధి తక్కువ ఉంటుందని అనుకోను.

సరిగ్గా తిను. స్నానాలగదిలో మరీ ఎక్కువసేపు ఉంటే జలుబు చేస్తుంది.

నీ అనంతకాలం వదిన
(ఇంకా ఒప్పుకోలేదు)

*

సోమవారం

ప్రియమైన వదినా,

మార్పుల జాబితా వచ్చింది. ఆరు వారాలు రోజులు లెక్కపెట్టుకున్నాను. జాబితాలో అందరి పేర్లూ అటూ ఇటూ మారాయి, మా రెండూ తప్ప. ఇంకో ఆరు వారాలు. నేను మంచం మీద కూలబడ్డాను. గడియారం మాత్రం, "మంచిది, ఇస్త్రీపెట్టె సర్దక్కర్లేదు" అంది.

ఒక్క మంచి కబురు. మాకు ఒక మనిషి దొరికింది. కింది బజారులో లాండ్రీ నడుపుతుంది, అరవై దాటాయి, కుడి మోకాలు వాచి ఉంటుంది. మొదట్లో కూర్చోడానికి తోడు కావాలని పిలిచింది. నాలుగు గురువారాలు ఆవిడ మోకాలి కథ విన్నాం. ఐదో గురువారం, "ఇంతకీ మీరేదో చెప్పాలని వచ్చారు కదా, చెప్పండి" అంది. ఇప్పుడు మా పుస్తకం కూడబలుక్కుంటూ తనే చదువుతోంది. పేజీ గుర్తుకి బట్టలకి కట్టే నంబరు చీటీ పెట్టుకుంటుంది. ఆవిరి, సబ్బు వాసన, పక్కన యంత్రం గడగడలు, మధ్యలో ఆవిడ గట్టిగా చదవడం. ఆ గంటలో నాకు చిరాకు ఉండదు. వచ్చే నెల బాప్తిస్మానికి ఒప్పుకుంది.

ఇప్పుడు చెడ్డ కబురు. మేం వారానికోసారి మిషన్ అధ్యక్షుడికి ఉత్తరం రాయాలి. గడియారం తన ఉత్తరంలో నా గురించి రాసింది! 'నా జత సాక్ష్యం బలంగా లేదు, తెలుసు అని చెప్పదు' అని. దొంగచాటుగా కూడా కాదు, రాసి నాకే చదివి వినిపించింది. "మీ వెనకాల రాయడం తప్పు కదా సిస్టర్" అంది. అధ్యక్షుడు మాట్లాడటానికి రమ్మన్నాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. నాలుగు రోజులు మాట్లాడలేదు. మాట్లాడకుండా విడిపోగలిగితే అదో సుఖం. మాకు ఆ వీల్లేదు కదా! పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒకే మెట్లు, ఒకే గొడుగు. తలుపు తీసినవాళ్ల ముందు ఇద్దరం నవ్వడం, తలుపు మూసుకోగానే మూతి ముడుచుకోవడం. ఐదో రోజు గొడుగు విరిగింది. "గొడుగు విరిగింది" అన్నాను. "అవును" అంది. అలా రాజీ పడ్డాం.

ఇంకో సంగతి. సోమవారం టపా వస్తే నాకు మూడు నాలుగు ఉత్తరాలుంటాయి. ఆమెకి ఒక్కటీ ఉండదు. అడిగితే, "మా ఇంట్లో రాసే అలవాటు లేదు" అంది.

నువ్వు ఈమధ్య రాయలేదేం? అమ్మ దగ్గర్నుంచి కూడా రెండు వారాలుగా ఏమీ లేదు. పోనీ ఫోను చేద్దామంటే ఏడాదికి రెండుసార్లే చెయ్యనిస్తారు.

నీ
పిచ్చుక

*

శుక్రవారం

ప్రియమైన పిచ్చుకా,

నీ మీద చాడీలు రాసి నీకే చదివి వినిపించే మనిషిని నేను పుట్టాక వినలేదు. నీకు అక్కడ ఉండబుద్ధి కాకపోతే రైలెక్కి వచ్చెయ్. స్టేషన్‌కి నేను వస్తాను. ఎవరు ఏమంటారో నేను చూసుకుంటాను.

ఇప్పుడు ఎక్కువ రాయలేను. ఆదివారాలు నాకు తీరిక ఉండటం లేదు. ఎందుకని అడగకు. అత్తయ్య బాగానే ఉన్నారు, అంటే జ్వరం అదీ ఏం లేదు. ఉత్తరాలు నాకే రాయి, దుకాణానికే రాయి.

వదిన

*

సోమవారం

ప్రియమైన వదినా,

ఆదివారం నీకు తీరిక లేకపోవడమేమిటి? దుకాణానికి ఆదివారం సెలవు కదా? ఏదో దాస్తున్నావు. సరే, ముందు నా సంగతి విను. నేను వచ్చేస్తున్నాను.

అధ్యక్షుడు నన్ను తిట్టలేదు. ఆయన పంటి వైద్యుడట, ఈ పని కోసం మూడేళ్లు ఆసుపత్రి మూసి వచ్చాడు. నోరు తెరిచినవాళ్లని భయపెట్టకుండా మాట్లాడటం ఆయనకి అలవాటు. "నమ్ముతున్నాననడంలో తప్పేం లేదమ్మా" అన్నాడు. జతని మార్చమని అడిగాను. కొన్నాళ్లు ఆగమన్నాడు. ఆగాను. మొన్న శనివారం లాండ్రీ ఆవిడ బాప్తిస్మం.

ఇక్కడ మా చర్చికి సొంత కట్టడం లేదు. అద్దె హాలు, మూలన పెద్ద తొట్టి. గడియారం పొద్దున్నే వెళ్లి నీళ్లు నింపించింది. వేడినీళ్ల గొట్టం కారితే తన చేతిరుమాళ్లన్నీ కట్టింది. పద్దెనిమిది మంది వచ్చారు. బాప్తిస్మం ఇచ్చేది మా చర్చిలోని బస్సు డ్రైవరు. తెల్లబట్టల్లో నడుములోతు నీళ్లలో నిలబడ్డాడు. లాండ్రీ ఆవిడ తన తెల్లగౌను తనే ఇస్త్రీ చేసుకుని వచ్చింది, ఒక్క ముడత లేదు. మొదటి మెట్టు మీద కాలు పెట్టి ఆగిపోయింది. వెనక్కి తిరిగి నన్ను చూసింది.

"ఇదిగో అమ్మాయ్, నిన్నే. ఆ అమ్మాయిని అడగను, ఆవిడకి అన్నీ తెలుసు. నువ్వు చెప్పు. ఇదంతా నిజమని నీకు తెలుసా?"

గడియారం నా మోచెయ్యి పట్టుకుంది. ఒక్క మాట వదినా, రెండే రెండు అక్షరాలు తగ్గించి 'ఆ' అన్నా సరిపోయేది.

"తెలియదండీ" అన్నాను. "నిజమైతే బాగుండునని రోజూ అనుకుంటాను. నమ్ముతున్నాను. తెలుసని మాత్రం చెప్పలేను."

ఆవిడ చాలాసేపు నన్ను చూసింది. కోపం లేదు మొహంలో. "అయితే నేనూ ఆగుతాను. నాకేం తొందర?" అని తువ్వాలు భుజాన వేసుకుని, మోకాలు పట్టుకుని మెట్లు దిగి వెళ్లిపోయింది. డ్రైవరు నీళ్లలోంచి, "మరి నేను పైకి వచ్చెయ్యనా? నాలుగింటికి డ్యూటీ ఉంది" అన్నాడు.

అందరూ వెళ్లిపోయాక తొట్టి ఖాళీ చెయ్యాలి. దానికి గంటన్నర పడుతుంది. ఇద్దరం అంచు మీద కూర్చున్నాం. నీళ్లు తగ్గడం చూస్తూ గడియారం మొదటిసారి తన సంగతి చెప్పింది. పదహారు నెలలైందట తను వచ్చి. ఇన్నాళ్లలో ఒక్క బాప్తిస్మం లేదు, ఇదే మొదటిది కావలసింది. తను పంతొమ్మిదో ఏట ఈ చర్చిలో చేరింది. మిషన్‌కి బయల్దేరిన రోజు వాళ్ల నాన్న, "ఆ పేరు ప్లేటు గుండెకి పెట్టుకుని గడప దాటితే మళ్లీ ఈ గడప తొక్కకు" అన్నాడట. తను వారం వారం ఉత్తరం రాస్తుంది. విప్పకుండానే మిషన్ ఆఫీసుకి తిరిగి వస్తాయి, అక్కడి నుంచి కట్టగా తెచ్చుకుంటుంది. పెట్టెలో అరవై దాకా ఉన్నాయి. నేను వాటిని చర్చి కాగితాలు అనుకున్నాను.

"మీరు నిజం చెప్పారు సిస్టర్" అంది. "నాకు మీ మీద చాలా కోపంగా ఉంది. రెండూ నిజమే."

అని గచ్చు తుడవడం మొదలుపెట్టింది. ఆమె ఏడుస్తూ తుడుస్తుంటే నేను బక్కెట్టు పట్టుకుని నిలబడ్డాను. ఏం ఓదార్చను? అంతా నా వల్లే.

ఇంతమందిని బాధపెట్టడానికా నేను ఇంత దూరం వచ్చింది? అధ్యక్షుడికి రాసేశాను, పంపెయ్యమని. అమ్మకి నువ్వే ఎలాగో చెప్పు. నాకు ధైర్యం లేదు.

పిచ్చుక

*

ఆదివారం, ఇంట్లో

ప్రియమైన పిచ్చుకా,

అమ్మకి చెప్పక్కర్లేదు. అమ్మకి తెలుసు. తిట్టు, పడతాను.

రెండు నెలల కిందట అత్తయ్య అద్దాలు మార్చుకోడానికి దుకాణానికి వచ్చారు. కొత్త అద్దాలు ఆవిడకి పెట్టి, స్క్రూ కోసం నేను లోపలికి వెళ్లాను. బల్ల మీద నీ మొదటి ఉత్తరం ఉంది, నవ్వుకోడానికి మళ్లీ తీసి చదువుకున్నాను పొద్దున. నేను బయటికి వచ్చేసరికి ఆవిడ రెండో పేజీలో ఉన్నారు. కొత్త అద్దాలతో మొదట చదివింది అదే. "అక్షరాలు బాగా కనిపిస్తున్నాయి" అని ఉత్తరం మడిచి సంచిలో పెట్టుకుని వెళ్లిపోయారు.

ఆ ఆదివారం చర్చికి వెళ్లలేదు. తర్వాతి ఆదివారమూ వెళ్లలేదు. ముప్పై ఏళ్లలో నిన్ను కన్న వారం తప్ప మానని మనిషి! తయారై, బూట్లు వేసుకుని, కుర్చీలో కూర్చుంటారు. వేళ దాటాక బూట్లు విప్పుతారు. మూడో ఆదివారం నాకు ఇక ఒళ్లు మండింది. "లేవండి అత్తయ్యా, ఆ కుర్చీ నేను తుడవాలి" అన్నాను. "వాళ్ల మొహం ఎలా చూడను? అన్నీ అబద్ధాలు చదివాను" అన్నారు. "చూడకండి, నేను చూస్తాను, పదండి" అని చెయ్యి పట్టుకుని తీసుకెళ్లాను. నేను! మీ చర్చికి! అప్పటినుంచి ప్రతి ఆదివారం వెనక వరసలో కూర్చుంటున్నాను. ఇక్కడి మీ మిషనరీ కుర్రాళ్లిద్దరు నన్ను చూసి పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతున్నారు. నాకేదో అయిపోయిందని ఆశపడుతున్నారు, పాపం. వాళ్లని చూస్తే నువ్వు గుర్తొచ్చి గట్టిగా కసరలేకపోతున్నాను.

ఇవాళ నెలలో మొదటి ఆదివారం, మీ ఉపవాసం, సాక్ష్యాల రోజు. అత్తయ్య లేచారు. వద్దని కొంగు లాగాను. ముందుకి వెళ్లి నిలబడ్డారు.

"ఇన్నాళ్లూ మీకు చదివిన ఉత్తరాలు మా అమ్మాయి నా కోసం రాసినవి. మనసులో మాట రాసుకున్నవి వేరే ఉన్నాయి. ఒకటి దొంగతనంగా చదివాను. తను వెళ్తుందని మీ అందరి ముందూ చెప్పిన రోజు, నేను తనని అడగలేదు. బళ్లో పిల్లలు తెలియదని చెప్తే కూర్చోమనేదాన్ని. అందుకే నాతో ఎవరూ తెలియదని చెప్పరు. మా అమ్మాయి అక్కడెవరికో చెప్పగలిగింది. నాకు చెప్పలేకపోయింది." అంతే. వచ్చి కూర్చున్నారు. నా చెయ్యి పట్టుకున్నారు. ఉంగరం గుచ్చుకుంటున్నా నేను లాక్కోలేదు.

అవును, నీ తొట్టి ఉత్తరం కూడా ఆవిడకి చదివి వినిపించాను. ఇక నావల్ల కాలేదు.

నువ్వు వస్తే స్టేషన్‌కి ఇద్దరం వస్తాం. ఎవరూ ఒక్క ప్రశ్న వెయ్యరు, వేస్తే నేనున్నాను. కానీ ఎవరినో బాధపెట్టానని పారిపోయి రాకు. ఉండాలనుంటే ఉండు, లేకపోతే రా. ఆ రెండింటిలో ఏదో నీకే తెలియాలి.

అత్తయ్య నీకు రాయాలని ఐదు కాగితాలు చించారు. చివరికి ఇది పెట్టమన్నారు. నీ మొదటి ఉత్తరమే. ఎర్ర సిరాతో ఏడు అక్షరదోషాలు దిద్దారు. కింద సంతకం పెట్టి, 'బాగా రాశావు' అని రాశారు.

నీ వదిన

*

బుధవారం

ప్రియమైన వదినా, అమ్మా,

ఒకే కవరు, ఇద్దరూ చదువుకోండి. ఏడు కాదమ్మా, ఎనిమిది. 'జవాబు' తప్పు నువ్వు చూడలేదు. పెట్టె సర్దుతూ ఆ ఎర్ర సిరా చూసి ఎంతసేపు నవ్వానో, తర్వాత ఎంతసేపు ఏడ్చానో రాయను.

శుక్రవారానికి టికెట్టు సిద్ధం అన్నారు. నేను వెళ్తే గడియారాన్ని ఒంటరిగా ఉంచకూడదు కాబట్టి వేరే ఊరు పంపి, ఈ గది మూసేస్తారు. ఆమె నా బట్టలు మడత బాగాలేదని మళ్లీ మడిచింది.

నిన్న మధ్యాహ్నం మెట్ల మీద పెద్దగా ఆయాసం వినిపించింది. లాండ్రీ ఆవిడ! ఆ మోకాలితో మూడు అంతస్తులు ఎక్కింది. గుమ్మంలో పెట్టెలు చూసి మండిపడింది.

"ఏమిటిది? ఆగుతాను అన్నాను గానీ మిమ్మల్ని పొమ్మన్నానా? పుస్తకం సగంలో ఉంది. గురువారం ఎవరొస్తారు?"

"మీరు మా మీద కోపంగా వెళ్లారనుకున్నాను" అన్నాను.

"కోపమా? నలభై ఏళ్లుగా జనం మాసిన బట్టలు తెచ్చి మరక లేదనే చెప్తారు నాకు. మరకుందని చెప్పే మనిషిని మొదటిసారి చూశాను. నీతో కలిసి చదువుదామనుకుంటే నువ్వు మూట కట్టావా!"

మంచం అంచున కూర్చుని, సంచిలోంచి పుస్తకం తీసి, చీటీ పెట్టిన చోట తెరిచింది. మాకు చదవక తప్పలేదు. ఆవిడ ఒక వాక్యం, నేనొకటి, గడియారం ఒకటి. పక్కన ఎవరో కూర్చున్నట్టుంటుందని రాశానే, అలాగే అనిపించింది. ఈసారి తలతిప్పి చూడలేదు.

అధ్యక్షుడికి ఫోను చేశాను. "ఉంటానండీ. కానీ తెలుసని చెప్పమని ఎవరూ అడగకూడదు" అన్నాను. "నేను నిన్ను అడిగేది ఉంటావా అని మాత్రమేనమ్మా" అన్నాడు. గడియారానికి చెప్తే నా వైపు చూసి, చేతిగడియారం చూసి, "అయితే మనం పదకొండు నిమిషాలు ఆలస్యం" అంది.

ఒక తప్పు చేశాను. గడియారం మిషన్ ఏడు వారాల్లో అయిపోతుంది. ఇంటికి వెళ్లే టికెట్టు కోసం ఒక కాగితం నింపాలి. దింపవలసిన ఊరు, తీసుకెళ్లడానికి వచ్చే మనిషి, చిరునామా. మూడు రోజులుగా అది బల్ల మీద ఉంది, ఆ గళ్లు ఖాళీగా. ఆమె స్నానాలగదిలో ఉన్నప్పుడు నేను నింపేశాను. మన ఊరు, మన చిరునామా, వదిన పేరు. ఆమెని అడగలేదు. మిమ్మల్నీ అడగలేదు. అడగకుండా ప్రకటించే గుణం మా అమ్మ నుంచి నాకు సరిగ్గానే వచ్చింది. ఆమె అది చదివి, "మీరు నా కాగితం మీద రాశారు" అంది. కొట్టెయ్యలేదు.

తిట్టి జవాబు రాయండి.

మీ
పిచ్చుక

*

ఆదివారం

ప్రియమైన పిచ్చుకా,

తిడుతున్నాను. నీ గడియారాన్ని ఇంటికి పంపేటప్పుడు ఆరున్నర సంగతి మళ్లీ ఒకసారి గుర్తుచెయ్యాలా వద్దా? ఆదివారం కూడానా? మీ అన్నయ్య తువ్వాలు ఇప్పుడు తీగ మీద ఆరుతోంది. నేను నాలుగేళ్లు మొత్తుకున్నా కానిది ఆ అమ్మాయి ఒక్క చూపుతో చేసింది. నాకు సంతోషించాలో ఏడవాలో తెలియట్లేదు.

స్టేషన్‌లో అందరూ దిగిపోయాక దిగింది. నేను పేరు పెట్టి పిలిచినా కదల్లేదు. గుండె మీద ప్లేటు సరిచేసుకుని, నేను వేరే ఎవరినో పిలుస్తున్నానేమోనని వెనక్కి చూసింది. అత్తయ్య వెళ్లి పెట్టె అందుకున్నారు. ఇద్దరూ పది నిమిషాల్లో ఒకటైపోయారు. ఇద్దరికీ అక్షరదోషాలంటే పడదు.

మర్నాడు చర్చి పెద్దాయన దగ్గరికి వెళ్లాం. మీ పద్ధతి ప్రకారం ఆయన ముందు ప్లేటు తీసెయ్యాలట, అంతటితో మిషన్ ముగిసినట్టు. పిన్ను తన చేతికి ఊడిరాలేదు. నేను విప్పాను. ఇంటికి వచ్చేదాకా దాన్ని గుప్పిట్లోనే పట్టుకుంది. ఎక్కడ పెట్టాలో తెలియక వంటింట్లో, హాల్లో తిరిగింది. దుకాణం నుంచి ఒక కళ్లద్దాల పెట్టె తెచ్చి ఇచ్చాను. అందులో మెత్తటి గుడ్డ ఉంటుంది కదా, దాని మీద పెట్టి మూసింది.

వాళ్ల నాన్నకి మళ్లీ రాసింది, ఈసారి మన చిరునామాతో. ఏమవుతుందో చూడాలి. ఆశ పెట్టుకోవద్దని చెప్పాను. పెట్టుకుంటానంది. సోమవారం నుంచి నా దుకాణంలో పని. నాలుగేళ్ల చీటీలు ఒక్క పూటలో వరస పెట్టేస్తానంటోంది. భయంగా ఉంది.

నేను? వెనక వరసలోనే కూర్చుంటున్నాను. బాప్తిస్మం ఊసు అత్తయ్య ఎత్తడం మానేశారు. మానేసినప్పటి నుంచి నాకేమీ తోచడం లేదు. అదో చిరాకు.

నిన్న సాయంత్రం ఉల్లిపాయలు తరుగుతూ ఉంటే గుమ్మంలో నిలబడింది. "మిమ్మల్ని ఏమని పిలవాలి? పద్దెనిమిది నెలలుగా అందర్నీ సిస్టర్ అనే పిలిచాను. ఇప్పుడు అలా పిలవకూడదేమో" అంది.

"పిచ్చుక నన్ను వదినా అంటుంది" అన్నాను.

"నేను పిచ్చుకని కాదు కదా."

"ఈ ఇంట్లో నా చేత ఉల్లిపాయలు తరిగించే ఆడపిల్లలందరూ నన్ను వదినా అనే అంటారు. ఆ గిన్నె ఇటు జరుపు."

జరిపింది. పెదవులు కదిలాయి, పాఠం వల్లెవేసుకున్నట్టు. తర్వాత ఉప్పు ఎక్కడుందని అడిగింది, వదినా అని. గరిటె ఎక్కడుందని అడిగింది, వదినా అని. గరిటె తన చేతిలోనే ఉంది పిచ్చుకా.

ఇదిగో, మళ్లీ పిలుస్తోంది. వెళ్లొస్తాను.

మీ ఇద్దరి
వదిన